పేడకేమైతదనుకున్న

ఆ డ్రమ్ము మీది కాగితం పీకింది నేనే. నీళ్లతో తడిపి, గోటితో గీకి, మిగిలిన జిగురుకు కొబ్బరినూనె రాసి తుడిచేశాను. కాగితం మీద పుర్రె బొమ్మ ఉంది. దాని కింద ఇంగ్లీషులో పొడుగాటి పేరు. ఆ పేరు నాకు చదవరాలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధం. అర్థం తెలియలేదు గానీ అక్షరాలన్నీ చదివాను. ఇంటర్ మొదటి సంవత్సరం సగం దాకా చదివినదాన్ని, ఆ మాత్రం చదవగలను.

మా ఊరు గడ్డపోతారం ఫ్యాక్టరీల వెనక ఉంటుంది. ఇక్కడ నీలం డ్రమ్ము లేని ఇల్లు లేదు. బియ్యం డ్రమ్ములోనే, నీళ్లు డ్రమ్ములోనే. కోళ్లను మూసేది కూడా సగానికి కోసిన డ్రమ్ము కిందనే. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డ్రమ్మును దేనికి వాడాలో తేల్చడానికి మా ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. సున్నం కలిపిన నీళ్లు నింపి మూడు రోజులు ఉంచుతాం. వేపాకు వేసి ఇంకో రోజు. తర్వాత బోర్లించి ఎండబెట్టి, తల లోపలికి పెట్టి వాసన చూస్తాం. వాసన రాకపోతే బియ్యానికి. కొంచెం వస్తే స్నానాల నీళ్లకు. బాగా వస్తే పెంటకు, పేడకు. పెళ్లయి వచ్చిన వారానికే మా అత్త మల్లవ్వ నాకు ఇది నేర్పింది. ఆమెకు ఎవరు నేర్పారో ఆమెకూ గుర్తు లేదు.

కృష్ణప్రియ మేడం మా ఊరికి వచ్చిన రోజు నేను అంగన్‌వాడీ దగ్గర ఇందును ఎత్తుకుని నిలబడి ఉన్నాను. ఇందు నా బిడ్డ. అప్పటికి మూడేళ్లు నిండలేదు, రెండు రోజులుగా దగ్గు. నేను దాని ఊపిరి లెక్కపెట్టుకుంటూ ఉంటే మేడం వచ్చి మాట కలిపింది. సంగారెడ్డి రోడ్డు మీద ఒక యూనివర్సిటీలో ఆమె పాఠాలు చెబుతుంది. ఆఖరి సంవత్సరం పిల్లలకు ఆమె క్లాసులో కాగితం పరీక్ష లేదు. ఎండతోనో చెత్తతోనో కరెంటో గ్యాసో చేసే పని, గాలినీ నేలనూ పాడుచేయని పని ఒకటి సొంతంగా మొదలుపెట్టాలి. దాన్ని ఒక ఊళ్లో నడిపి చూపించాలి. పని నిలబడితే యూనివర్సిటీ వాళ్లే ఒక గది ఇచ్చి, ఇంకో ఏడాది చెయ్యి పట్టుకుని నడిపిస్తారు. నిలబడకపోతే మార్కులు వేసి ఇంటికి పంపుతారు.

"మీరు చదువుకున్నారా?" అని అడిగింది.

"ఇంటర్ల ఆగిపోయింది మేడం. అమ్మకు పానం బాగలేకుండె. గప్పుడే పెండ్లి చేసిండ్రు."

"మా పిల్లలకు ఈ ఊరి గురించి చెప్పేవాళ్లు కావాలి. వారానికి ఒకసారి క్లాసుకు వచ్చి వాళ్లకు పాఠం చెబుతారా?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నిజంగానే అడుగుతోంది.

మొదటి మంగళవారం ఇందును చంకనేసుకుని పోయాను. నలభై మంది పిల్లలు. మేడం తన కుర్చీ పక్కన నాకూ కుర్చీ వేయించింది. చంద్రకాంత్ అనే పట్నం పిల్లగాడు లేచి, "మీ ఇంట్లో రోజుకు తడి చెత్త ఎన్ని కిలోలు వస్తుందండీ?" అని అడిగాడు. వాడి చేతిలో కంప్యూటరు, దాంట్లో ఏవో గీతలు.

"మా ఇంట్ల చెత్త యాడ మిగుల్తది సారూ? మిగిలిందంత బర్రె తింటది," అన్నాను.

అందరూ గొల్లుమన్నారు. నేను తప్పు మాట్లాడాననుకున్నాను. మేడం మాత్రం బోర్డు మీద వాడు వేసిన లెక్కంతా చెరిపేసింది. "మూడు వారాలు కూర్చుని వేశావు. రేఖ గారు ఒక్క మాటతో తేల్చేశారు. వాడేవాళ్లను అడగకుండా ఏదీ మొదలుపెట్టకండి. ఈమె చెప్పేది మీకు ఏ పుస్తకంలోనూ దొరకదు," అంది.

ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో నాకు తెలియదు. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్లకు కూడా చెప్పాలనిపించింది.

తర్వాత వాళ్లు లెక్క మార్చుకున్నారు. బర్రె పేడ, అంగడి అయిపోయాక మిగిలే కుళ్లిన టమాటలు, ఆకులు, ఇవి కలిపి గ్యాసు తీయాలని. ఒక పెద్ద డ్రమ్ములో పేడ కలిపిన నీళ్లు పోసి, దానిలోకి ఇంకో డ్రమ్ము బోర్లించాలి. లోపల గ్యాసు పుడితే పై డ్రమ్ము తేలుతుంది. ఆ గ్యాసుతో పొయ్యి వెలగాలి. చంద్రకాంత్‌తో కలిసి ఈ పని ఎత్తుకున్న పిల్ల పేరు హరిచందన. గుమ్మడిదలలో భూములున్న అంజయ్య పటేల్ కూతురు. పొడుగ్గా ఉంటుంది, మాట తక్కువ, చెయ్యి ఎక్కువ.

మేడం పెట్టిన నియమం ఒకటుంది. ఏది కట్టినా సామానంతా ఆ ఊళ్లోనే దొరకాలి, చెడిపోతే ఊరివాళ్లే బాగుచేసుకోగలగాలి. డ్రమ్ముల మాట రాగానే అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఎవరూ అడగకముందే, "డ్రమ్ములు నేను తెస్త మేడం," అన్నాను.

మా అన్న యాదన్నకు రోడ్డు మీద పాత సామాను దుకాణం ఉంది. ఫ్యాక్టరీల నుంచి వచ్చే డ్రమ్ములు, అట్టపెట్టెలు కొంటాడు, అమ్ముతాడు.

"అన్నా, రెండు డ్రమ్ములు గావాలె. ఒకదాంట్ల ఒకటి దిగాలె."

"ఏంటికి? బియ్యానికా?"

"పేడకు."

"పేడకా?" అన్న కడుపుబ్బ నవ్వాడు. "యూనివర్సిటీకి పోయి పేడ పిసుకుడు నేర్సుకుంటున్నవా చెల్లే? గీ మాత్రం నాయిన గూడ నేర్పుతుండె గదనే."

"పరాచికాలు ఆపి జల్దీ ఇయ్యి. గురువారం అస్తరు పిల్లలు."

దుకాణం వెనకకు తీసుకుపోయి, తాటిపత్రి కింద ఉన్నవి చూపించాడు. కొత్తవాటిలా ఉన్నాయి. గట్టి మూతలు. ఇంకా కాగితాలు అంటుకునే ఉన్నాయి.

"గివి తీస్కపో. కని ఒక్కటి చెప్తున్న, నీళ్లకు పెట్టకు. పోరిని దగ్గరికి రానియ్యకు. ముందుగాల కాయితం పీకెయ్. ఇవి కంపెనీ గేటు దాటి బయటికి రావొద్దు, లోపల్నే కోసెయ్యాలె. ఎవలన్న సూస్తే నా గల్ల పట్టుకుంటరు."

"పేడకేమైతది అన్నా."

"పేడకేమైతది," అన్నాడు అన్న కూడా.

అలా ఇద్దరం అన్నాం. అప్పటికి అది మోసం కాదు. మా లెక్కలో మనిషి నోట్లోకి పోనిది ఏదైనా పేడతో సమానమే. సున్నం నీళ్లు మూడు రోజులు ఉంచాల్సింది ఒక్క రోజే ఉంచాను. ఎండబెట్టి, తల పెట్టి చూశాను. గోళ్ల రంగు వాసనలాంటిది, తియ్యగా, ముక్కు లోపల కొంచెం మండింది. పేడ పోస్తే ఆ వాసన ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

గురువారం పిల్లలు వచ్చి మా పెరట్లో డ్రమ్ములు నిలబెట్టారు. హరిచందన చేతులు మోచేతుల దాకా పేడలో ముంచి కలుపుతుంటే మా అత్త గుంజకు ఆనుకుని చూస్తూ, "పటేలోల్ల పిల్లవట గదా. మీ ఇంట్ల పేడ తీసెతందుకు జీతగాండ్లు లేరా?" అంది.

"ఉండిరి అవ్వా. వాళ్లంత కంపెనీలకు పోయిండ్రు. ఇగ నేనే మిగిలిన," అంది ఆ పిల్ల. మా అత్త పడీపడీ నవ్వింది. నాకు నవ్వు వచ్చినట్టు గుర్తు.

ఆ తర్వాతి మంగళవారం క్లాసులో మేడం బోర్డు మీద బర్రె పొట్ట బొమ్మ వేసింది.

"గ్యాసు చేసేది మీరు కాదు, మీ డ్రమ్ము కాదు. కంటికి కనిపించని ప్రాణులు. బర్రె పొట్టలో ఉండేవే పేడతో పాటు బయటికి వస్తాయి. వాటికి చలి పడదు, గాలి పడదు. పసిపిల్లల్లాగా చూసుకోవాలి. మందులు, ఫ్యాక్టరీ ద్రావకాలు చెంచాడు పడినా చాలు, చచ్చిపోతాయి. ఎన్నాళ్లు ఎదురుచూసినా ఏమీ రాదు."

ఒళ్లో ఇందు నిద్రపోతోంది. పేడ కూడా ప్రాణమేనని నాకు ఇరవై ఆరేళ్లు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

హరిచందన అప్పుడే లేచి నిలబడింది. "అక్కా, మన డ్రమ్ములల్ల ఇంతకుముందు ఏముండె?"

నలభై మంది నన్నే చూశారు. మేడం కూడా చూసింది, చిన్నగా నవ్వుతూ, నేనేదో మంచిమాట చెబుతానన్నట్టు. పుర్రె బొమ్మ, దాని కింది అక్షరాలు నా కళ్ల ముందే ఉన్నాయి. అన్న చొక్కా గల్ల కూడా కళ్ల ముందుంది. కానీ నిజం చెప్పాలంటే ఆ నిమిషంలో నేను అన్న కోసం భయపడలేదు. ఆ కుర్చీ కోసం భయపడ్డాను.

"పామాయిల్. బిస్కెట్ల కంపెనీది," అన్నాను.

"కడిగినవ్ గదా?"

"మూడు దినాలు సున్నం నీళ్లు పెట్టిన."

"చూశారా, మనం చెప్పకముందే చేశారు," అంది మేడం. పిల్లలు రాసుకున్నారు.

ఇంటికి వచ్చి చేసిన మొదటి పని, ఇందు స్నానాల నీళ్ల డ్రమ్మును తన్ని పడేయడం. అదీ అన్న దుకాణానిదే. నీళ్లన్నీ వాకిట్లో పారాయి. మా అత్త నెత్తి కొట్టుకుంది. "పిచ్చి లేసిందా నీకు? నీళ్లు అచ్చేదే రెండు దినాలకొక్కసారి. గా డ్రమ్ము నీళ్లతోని నీ మొగుడు పెరగలేదా?" నేను ఇందు గౌను విప్పి వీపు, చంకలు, మోకాళ్ల వెనక చూశాను. ఏమీ లేదు. మళ్లీ చూశాను. నా బిడ్డకైతే ఆ గడియలోనే డ్రమ్ము మార్చాను. పెరట్లో ఉన్న డ్రమ్మును మాత్రం అలాగే వదిలేశాను.

హరిచందన రోజూ పొద్దున్నే షేర్ ఆటోలో దిగేది. డ్రమ్ము మీద చెయ్యి వేసి చూసేది, లోపలికి గాజు గొట్టం లాంటి థర్మామీటరు దింపేది.

"ఏందే పిల్లా, పేడకు జరమొచ్చిందా?" అనేది మా అత్త.

"జరం రావాలెననే సూస్తున్న అవ్వా. సల్లగుంది."

పై డ్రమ్ము వేలెడు కూడా లేవలేదు. మొదటి రెండు వారాలు చంద్రకాంత్ కూడా వచ్చాడు. ఫొటోలు తీసుకుని, "దీనికి దిష్టి తగిలింది అక్కా, నిమ్మకాయ కడదాం," అని నవ్వించి పోయేవాడు. ఇరవయ్యో రోజు మేడంను అడిగి సోలార్ వాళ్ల జట్టులో కలిసిపోయాడు. హరిచందన ఒక్కతే మిగిలింది. వేడి నీళ్లు కాచి పోసింది. డ్రమ్ము చుట్టూ వరిగడ్డి కట్టి గోనెసంచి చుట్టింది. చలి రోజులు కదా, మా అత్త పాత చెద్దరు ఇస్తే అది కూడా కప్పింది. నేనూ ఆమెతో కలిసి కట్టాను, చుట్టాను. ఆమె ముడి వేస్తే నేను తాడు పట్టుకున్నాను.

మధ్యాహ్నాలు మా ఇంట్లోనే తినేది. జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిరపకాయ. ఇందుకు ముద్దలు చేసి పెట్టేది. నా చేతి ముద్దకు ముఖం తిప్పే పిల్ల ఆమె చేత్తో పెడితే గబగబ మింగేది. ఒకరోజు తింటూ చెప్పింది.

"మా బోరు నీళ్లు ఎర్రగస్తయి అక్కా. నేను పుట్టకముందు నుంచే. వరి నాటితే సగం గింజ తాలు. గందుకే నేను ఈ క్లాసు తీసుకున్న. నాయిన ఏమో, ఈ యేడు దాకా సూస్తనన్నడు. పని నిలవడితే సరే, లేకుంటె కంపెనీ ల్యాబుల కొలువు మాట్లాడి పెట్టిండు."

"ఏ కంపెనీ?"

"మా బోరు ఎనకాల గోడ ఉన్న కంపెనీనే," అని నవ్వింది. "గదే నీళ్లు, గదే జీతం."

నీళ్లు తాగి లేచాను.

నేను ఏమీ చేయలేదని కాదు. దొంగ ప్రయత్నాలు చేశాను. "ఈ డ్రమ్ము పలిగినట్టుంది చందనా, కొత్తది తెద్దామా?" అన్నాను. "పలిగితే నీళ్లు కారాలె గదా అక్కా," అంది. ఒక మధ్యాహ్నం ఆమె లేనప్పుడు కొడవలి తీసుకుని డ్రమ్ము అడుగుకు ఆనించాను. ఒక్క పోటు పొడిస్తే పగిలిందని చెప్పి మార్చవచ్చు. అప్పుడు మా అత్త చెద్దరు కనిపించింది, ఆ పిల్ల వేసిన ముడులు కనిపించాయి. కొడవలి చూరులో చెక్కేశాను. నిజం చెప్పే ధైర్యం లేదు, అబద్ధాన్ని పూర్తిగా చేసే ధైర్యమూ లేదు.

నలభై ఒకటో రోజు క్లాసులో అందరూ తమ పనుల గురించి చెప్పాలి. పని ఆగిపోతే ఎందుకు ఆగిందో చెప్పాలి. మేడం దానికే ఎక్కువ విలువ ఇస్తుంది. హరిచందన ముందుకు వచ్చి నిలబడింది. ఇస్త్రీ చేసిన డ్రస్సు వేసుకుంది గానీ గోళ్లలో పేడ పోలేదు.

"నీళ్లు సరిపోయినయి. వేడి చూసుకున్నం. డ్రమ్ములు మంచియే. నేను నోట్సు మల్లా మల్లా సూసిన మేడం. మొదటి వారం టమాటలు ఎక్కువేసిన. పుల్లగ అయిపోయి లోపలియన్ని సచ్చిపోయినయి. తప్పు నాదే."

మేడం బోర్డు మీద రాసింది: మొదటి వారం మేత ఎక్కువైతే మొత్తం పోతుంది. "ఇంత నిజాయితీగా తన తప్పు తాను చెప్పుకున్న వాళ్లను నేను తక్కువమందినే చూశాను. వచ్చే ఏడాది పిల్లలకు ఇదే మొదటి పాఠం," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "రేఖ గారూ, మీ పెరట్లో నడిచింది. మీరేమంటారు?"

నోరు తెరిచాను. "పిల్ల మస్తు కష్టపడ్డది మేడం," అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. నా కోసమో, ఆమె కోసమో తెలియదు.

బయటికి వచ్చాక హరిచందన ఇందును ఎత్తుకుని గేటు దాకా నడిచింది. "సోమవారం ఈ పని ఇడిసిపెడుతున్ననని సంతకం పెడుత అక్కా. మంగళవారం నుంచి కొలువుకు రమ్మన్నరు. మీ అత్తకు చెప్పు, చెద్దరు ఉతికి పంపిస్త అని." ఏడవలేదు. ఏడిస్తే నేను చెప్పి ఉండేదాన్నేమో. ఇది కూడా నేను చెప్పుకునే సాకే.

ఆదివారం పొద్దున గిన్నెలు తోముతున్నాను. ఇందు వాకిట్లో కొబ్బరి చిప్పలో మట్టి, నీళ్లు కలిపి ఆడుకుంటోంది. రెండు ఆకులు తుంచి వేసి, చిప్ప మీద చెయ్యి పెట్టి చూసి, వేలు ఊపుతూ తనలో తానే మాట్లాడుకుంటోంది.

"జెరంతనే ఎయ్యాలె. ఎక్కువేస్తే సచ్చిపోతది. చందనక్క ఎక్కువేసింది. చందనక్క సంపింది."

నా బిడ్డ నేర్చుకున్న మొదటి పాఠం నేను చెప్పిన అబద్ధం. పెద్దయినా దానికి ఇదే గుర్తుంటుంది. యూనివర్సిటీలో వచ్చే ఏడాది పిల్లలకూ ఇదే చెబుతారు. అప్పుడూ ఆ కుర్చీలో నేనే కూర్చుని తల ఊపుతాను.

చేతులు చీరకు తుడుచుకుని ఇందును ఎత్తుకున్నాను. మా అత్త "యాడికి?" అంటే, "గుమ్మడిదలకు," అన్నాను. ఆటో ఎక్కే ముందు అన్నకు ఫోన్ చేశాను. నిజం చెప్పబోతున్నానంటే, "నా పేరు తియ్యకు," అన్నాడు. "తియ్యక తప్పదన్నా," అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

అంజయ్య పటేల్ ఇంటి ముందు పత్తి ఆరబోసి ఉంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. హరిచందన చెద్దరు పిండి తీగ మీద వేస్తోంది. నన్ను చూసి తడి చేతులతోనే వచ్చి ఇందును అందుకోబోయింది. నేను ఇవ్వలేదు.

"ముందుగాల నేను చెప్పేది ఇను చందనా," అన్నాను.

అంతా చెప్పాను. పుర్రె బొమ్మ, గోళ్ల రంగు వాసన, ఒక్క రోజు సున్నం, పామాయిల్. మొదటిసారి తెలియక చేశానని, రెండోసారి తెలిసే చేశానని. చెబుతున్నంతసేపూ ఆమె నా ముఖం చూడలేదు, నా చేతుల వైపు చూసింది.

"నలుబై ఒక్క దినాలు అక్కా," అంది చివరికి.

"అవు."

"రోజు మీ ఇంట్ల తిన్న. రోజు నిన్ను అడిగిన, ఏం తప్పైందో సమజైతలేదు అని. రోజు అడిగిన."

"అవు."

"చెద్దరు గూడ కప్పిన దానికి." వెనక్కు తిరిగి తీగ మీది చెద్దరు సరిచేయడం మొదలుపెట్టింది. సరిగానే ఉన్న చెద్దరును మళ్లీ మళ్లీ లాగింది.

నేను అంజయ్య పటేల్ వైపు తిరిగాను. "నన్ను తిట్టు పటేలా."

ఆయన పత్తి వైపు చూస్తూ అన్నాడు. "మా బోరుల ఎవడు ఏం ఇడిసిండో ఇరవై ఐదేండ్లాయె. ఎన్నిసార్లు దరకాస్తు పెట్టినం, ఎంతమంది సార్లచ్చి సీసలల్ల నీళ్లు పట్కపోయిండ్రు. నేనే చేసిన్నని వాకిట్లకచ్చి చెప్పినోడు ఒక్కడు లేడు. నువ్వొక్కదానివే అచ్చినవ్ బిడ్డా."

ఆయన మంచిగానే అన్నాడు. కానీ ఆ మాట నన్ను తీసుకుపోయి ఆ గోడ వెనక మనుషుల పక్కన నిలబెట్టింది. వాళ్లు చెప్పలేదు, నేను ఆలస్యంగా చెప్పాను, అంతే తేడా.

హరిచందన ముఖం తుడుచుకుని వచ్చింది. "అండ్ల పేడ ఏం జేసినవ్?"

"గట్లనే ఉంది."

"ఎవ్వల మళ్లల్ల పొయ్యకు. మీ పెంటల గూడ పొయ్యకు. మూత బిగించి పెట్టు. దాన్ని ఏం జెయ్యాల్నో మేడంను అడుగుత." అలా అంటూనే ఫోన్ తీసి మేడంకు కలిపి, నా చేతికి ఇచ్చింది. "ముందు నువ్వు చెప్పు. నీ నోటితోని."

చెప్పాను. రెండోసారి చెప్పడం సులువనుకున్నాను, కాలేదు. మేడం నెమ్మదిగా, "ఆ రోజు అందరి ముందు అడిగాం కదా... విడిగా అడగాల్సింది," అంది. నన్ను తిడుతుందని సిద్ధపడి ఉన్నాను. ఆమె తప్పును తన మీద వేసుకుంటోంది. అది ఇంకా బరువైంది. "హరిచందనకు ఇవ్వండి," అంది.

హరిచందన ఫోన్ తీసుకుని పత్తి చేను గట్టు దాకా పోయింది. మాటలు వినపడలేదు. ఒకసారి గట్టిగా చెయ్యి ఊపింది. తిరిగి వచ్చి తండ్రితో, "రేపు సంతకం పెడ్తలేను నాయినా. ఇంకో రెండు నెలలు ఇచ్చిండ్రు. కొలువోల్లకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?" అంది.

అంజయ్య పటేల్ కూతురి ముఖం చూసి, "నేను చెప్తలే," అన్నాడు.

తర్వాత హరిచందన నాతో అంది. "డ్రమ్ములు నేనే తెచ్చుకుంట. నిజంగ నూనెవేనా అని కంపెనీకి పోయి సూసే తెచ్చుకుంట. మీ పెరట్ల వద్దు. నువ్వు రాకు అక్కా."

అక్కా అనడం మానలేదు. కోపంలో మరిచిపోయిందేమో.

మంగళవారం నేను క్లాసుకు పోలేదు. మేడం రమ్మనీ అనలేదు, వద్దనీ అనలేదు. రెండు మంగళవారాల తర్వాత ఆమె పంపిన మనిషి వచ్చి మా పెరట్లోని డ్రమ్ములను అందులో ఉన్నదానితో సహా మూతలు బిగించి తీసుకుపోయాడు. వాటిని కాల్చి బూడిద చేసే చోటు వేరే ఉందట. అన్న నాతో మాట్లాడటం లేదు. కానీ తాటిపత్రి కింది డ్రమ్ములు మాత్రం ఇప్పుడు లేవని మా అత్త చూసి వచ్చి చెప్పింది. మా సందులో ఆడవాళ్లు స్నానాల డ్రమ్ముల గురించి నన్ను అడుగుతున్నారు. తెలిసినంత చెబుతున్నాను, తెలియనిది తెలియదని చెబుతున్నాను.

హరిచందన మా వెనక సందులో దేవమ్మ ఇంట్లో కొత్త డ్రమ్ములు పెట్టింది. పొద్దున్నే ఆటో దిగి మా ఇంటి ముందు నుంచే పోతుంది. నేను ఆ వేళకు లోపలే ఉంటాను.

నెల దాటాక ఒక సాయంత్రం సందంతా దేవమ్మ ఇంటికి పరుగెత్తింది. పొయ్యి వెలిగిందట. మా అత్త కూడా పోయి వచ్చి గడపలో కూర్చుని కొంగుతో విసురుకుంది.

"నీలంగ మండుతుంది పిల్లా. పొగ లేదు, కంపు లేదు. దేవమ్మ చాయ పెట్టి అందరికి పోసింది. పేడ చాయ అని ఎవ్వలు ముట్టకపోతే నేనే ముందుగాల తాగిన."

"చందన ఎట్లుంది?"

"ఎట్లుంటది? ఎగురుతుంది. గా పట్నం పిల్లగాడు మల్లచ్చిండు, ఫొటోలు తీస్తుండు."

"నా గురించి ఏమన్న అడిగిందా?"

మా అత్త విసురుకోవడం ఆపింది. అబద్ధం చెబుదామా అని ఒక నిమిషం ఆలోచించింది, నాకు తెలిసింది. చెప్పలేదు.

"నిన్నేం అడుగలే," అంది. "పోరిని అడిగింది. తోల్కరాలేదేంది అవ్వా అన్నది."

ఇందును పిలిచి ముఖం కడిగాను. గౌను మార్చాను, తల దువ్వాను. మా అత్త చేతికి అప్పజెప్పి, "తోల్కపో అత్తమ్మా, ఇంక పొయ్యి బందు కాకముందే," అన్నాను. వాళ్లు సందు మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడి చూశాను.